కాటుకూ మందుకూ మధ్య

నంద్యాల జిల్లా పాములపాడు మండలంలో బనకచర్ల అని ఒక ఊరుంది. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు గేట్ల గుండా బయల్దేరిన కృష్ణా నీళ్లు ఇక్కడికొచ్చి మూడు దారులు పడతాయి. ఒక పాయ వెలుగోడు మీదుగా తెలుగుగంగకు పోతుంది. ఒకటి శ్రీశైలం కుడిగట్టు కాలువలో పడుతుంది. మూడోది నిప్పులవాగు గుండా కేసీ కాలువకు చేరుతుంది. ఈ మూడింట్లోకీ ముసలిది కేసీ కాలువే. 1860లలో ఒక ప్రైవేటు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. గిట్టుబాటు కాక చేతులెత్తేస్తే 1882లో ప్రభుత్వం కొనేసింది.

పాముల అధ్యాయాన్ని కాలువలతో మొదలుపెట్టడం వింతగా ఉండొచ్చు. ఆత్మకూరు వైపు తిరిగితే నల్లమల కనబడుతూనే ఉంటుంది, అక్కడినుంచి పులుల అభయారణ్యం. పాములన్నీ ఆ కొండల నుంచే దిగివస్తాయని చుట్టుపక్కల ఊళ్లలో ఒక నమ్మకం. మనుషుల ప్రాణాలు తీసే పాములకు కొండలతో పెద్ద పనిలేదు. నీళ్లు పారితే వరి పండుతుంది, మొక్కజొన్న పండుతుంది. గింజ రాలినచోటికి ఎలుకలూ పందికొక్కులూ చేరతాయి. అవి గట్టుకు బొక్క పెడితే ఆ బొక్కలోకి రక్తపింజర దూరుతుంది. గడ్డివాము అడుగున నాగుపాము గుడ్లు పెడుతుంది. నాపరాళ్లు పేర్చి కట్టిన గోడ సందుల్లో కట్లపాము పగలంతా పడుకుంటుంది. తిండి పెట్టిందీ మనమే, కొంప కట్టిపెట్టిందీ మనమే.

దేశంలో పాముకాటుతో ఏటా ఎంతమంది పోతున్నారో చాలాకాలం ఎవరికీ తెలియదు. సర్కారు ఆసుపత్రుల రిజిస్టర్లు కూడితే ఏడాదికి వెయ్యి చిల్లర తేలేది. ఆసుపత్రి గడప తొక్కకుండా పోయినవాళ్ల లెక్క ఏ రిజిస్టర్లో ఉంటుంది? టొరంటోలో ప్రభాత్ ఝా నడిపే పరిశోధన బృందం, మన రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంతో కలిసి వేరే దారి పట్టింది. సర్వే సిబ్బంది చావు జరిగిన ఇళ్లకే వెళ్లి, మనిషి ఎలా పోయాడో ఇంటివాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చారు. ఆ కాగితాల్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి చావుకు కారణం తేల్చారు. మిలియన్ డెత్ స్టడీ అంటారు దీన్ని. 2011లో పాముకాటు లెక్క బయటికొచ్చింది: 2005లో ఒక్క ఏడాదిలో దాదాపు 45,900 మంది. 2020లో వచ్చిన తరవాతి లెక్క ఇంకా పెద్దది. 2000 నుంచి 2019 దాకా 12 లక్షల మంది, ఏడాదికి సగటున 58,000.

తెలుగువాళ్లం ఆగి చదవాల్సిన వాక్యం ఆ 2011 నివేదికలో ఒకటుంది. రాష్ట్రాలవారీగా చూస్తే పాముకాటు మరణాల రేటు దేశంలోకెల్లా ఎక్కువ ఉన్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో. లక్ష మందికి 6.2. మనుషుల లెక్కలో చెబితే ఏడాదికి సుమారు 5,200 ప్రాణాలు. దేశం మొత్తం మీద పోయినవాళ్లలో నూటికి 97 మంది పల్లెటూళ్లవాళ్లే. ప్రతి నలుగురిలో ముగ్గురు ఆసుపత్రి బయటే ప్రాణం వదిలారు. ఈ చివరి అంకెను గుర్తుపెట్టుకోండి, అధ్యాయమంతా దాని చుట్టే తిరుగుతుంది.

క్విజ్ పోటీల్లో పిల్లల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: ప్రపంచంలో అన్నిటికంటే విషం ఎక్కువున్న పాము ఏది? ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉండే ఇన్‌లాండ్ తైపాన్ అని చెబితే మార్కులు. ఆ మాట నిజమే. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో దాని విషం మన నాగుపాము విషానికి దాదాపు ఇరవై రెట్లు ఘాటు. కానీ ఆ పాము కరిచి మనిషి చనిపోయినట్టు నమోదైన దాఖలా లేదు. అదొక్కటే కాదు, విషసర్పాలకు పేరుమోసిన ఆస్ట్రేలియా ఖండమంతా కలిపినా పాముకాటు మరణాలు ఏడాదికి సగటున రెండో మూడో. తైపాన్ ఉండేచోట మనుషులు ఉండరు. ఆ దేశంలో పొలానికి పోయే మనిషి బూట్లు వేసుకుంటాడు, నేలమీద పడుకోడు, కరిస్తే మందున్న చోటికి విమానంలోనైనా తీసుకుపోతారు. అంత దూరమెందుకు, మన ఉత్తరాంధ్ర కొండల్లోనే రాచనాగు ఉంది. విషపు పాముల్లో ప్రపంచంలోకెల్లా పొడవైనది, ఒక్క కాటులో దించే విషమూ ఎక్కువే. దానివల్ల పోయినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మన వాకిళ్లలో దొర్లే మూరెడు కట్లపాము ముందు రాచనాగు పేరుకే రాజు.

విషం ఘాటు ఒక్కటే చూస్తే ప్రమాదం అర్థం కాదన్నమాట. పాము మనిషికి ఎంత తరచుగా ఎదురుపడుతుంది, ఎదురుపడితే ఎంత విషం దించుతుంది, దించాక మందు ఒంట్లోకి చేరేదాకా ఎన్ని గంటలు గడుస్తాయి అన్నవి చూడాలి. వీటిలో మొదటి రెండూ పాము చేతిలో ఉన్నాయి. మూడోది పాము చేతిలో లేదు. పాములపాడులో పాము ఎంత ప్రమాదకరం అని ఎవరైనా అడిగితే, ఆ మూడోదాని గురించే ఎక్కువ చెప్పాలని నా అభిప్రాయం.

విశాఖ డాక్టరు గారి జాబితా

ఏ పాముకు విషం ఉంది, దేనికి లేదు అన్నది పద్ధతిగా తేల్చే పని మన గడ్డమీద రెండు వందల ఏళ్ల కిందటే మొదలైంది. ప్యాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్ వైద్యుడు. 1780లలో విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్నాడు. ఊళ్లవాళ్లు పట్టి తెచ్చిన పాముల్ని ఆయన కొలిచాడు, పొలుసులు లెక్కపెట్టాడు, నోరు తెరిచి కోరలు చూశాడు, కోళ్లనూ కుక్కలనూ కరిపించి ఏం జరుగుతుందో గంటలతో సహా రాసుకున్నాడు. పాముల్ని తెచ్చినవాళ్లు చెప్పిన తెలుగు పేర్లే తన పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో దించాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆ పుస్తకంలో కాటుకరేకుల పొడ ఉంది, బంగారుపాము ఉంది. ఆ రెండోదాన్నిబట్టే తరవాత ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టాడు. కాటుకరేకుల పొడ అంటే మన రక్తపింజరే. దానికి లోకమంతా ఇప్పుడు రస్సెల్ పేరు చెబుతోంది.

రస్సెల్ ఉద్దేశం శాస్త్రం ఒక్కటే కాదు. కంపెనీ సిపాయిలూ జనమూ విషం లేని పాము కరిచినా భయంతో సగం చచ్చేవాళ్లు. తేడా తెలిస్తే ఆ భయమైనా తగ్గుతుందని ఆయన ఆశ. మొదటి సంపుటంలో ఆయన బొమ్మలు గీయించిన నలభై పైచిలుకు పాముల్లో విషపు కోరలున్నవి పట్టుమని పది కూడా లేవు.

నేటి లెక్కా అలాగే ఉంది. దేశంలో మూడు వందలకు పైగా పాము జాతులుంటే మనిషికి హాని చేయగల విషం అరవై చిల్లర జాతులకే ఉంది. వాటిలోనూ సముద్రపు పాములు, కొండల్లో చెట్లమీద ఉండేవి తీసేస్తే, ఊళ్లలో చావులకు కారణమయ్యేవి ప్రధానంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. కర్ర తీసుకుని మనం విరుచుకుపడేది మాత్రం ఎక్కువగా జెర్రిపోతుల మీద. ఒక జెర్రిపోతు ఎన్ని ఎలుకల్ని తింటుందో లెక్కేసి చూసిన రైతు దాన్ని చంపడు.

ఆ నాలుగింటిలో ఇసుక పింజర మెట్టపొలాల, రాళ్లగుట్టల పాము. జానెడో మూరెడో ఉంటుంది, రేగితే ఒంటి పొలుసుల్ని ఒకదానికొకటి రాసి బుసలాంటి చప్పుడు చేస్తుంది. నాగుపాము గురించి చెప్పడానికి పెద్దగా ఏముంది? పడగ విప్పి, ఎత్తి, ఊది, మనిషికి తప్పుకోవడానికి ఇన్ని అవకాశాలిచ్చే విషసర్పం ఇంకొకటి లేదు. నాగులచవితికి పుట్టలో పోసిన పాలు అది తాగదు. ఆ పుట్ట కట్టిందీ అది కాదు, చెదలు. 2000 నుంచి 2019 మధ్య దేశంలో ప్రచురితమైన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, కాట్లలో రక్తపింజరవి నూటికి 43, కట్లపామువి 18, నాగుపామువి 12. పూజలన్నీ మూడోస్థానంలో ఉన్నదానికే.

గట్టుమీది పాము

రక్తపింజర తప్పుకోదు. జనాన్ని చూసి పారిపోయే పాములకు భిన్నంగా, పొడల రంగు ఎండుటాకుల్లో కలిసిపోతుందన్న ధైర్యంతో కదలకుండా పడుంటుంది. మరీ దగ్గరికొస్తే ప్రెషర్ కుక్కర్ విజిల్‌లాగా బుస కొడుతుంది. ఆ చప్పుడు విని ఆగినవాళ్లు బతికిపోతారు. మోటారు మోతలో, మిషన్ గోలలో అది వినబడదు. పైగా ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఎండాకాలం చివరా తొలకరిలోనూ ఒక్కో తల్లి ఇరవై ముప్ఫై పిల్లల్ని, ఒక్కోసారి ఇంకా ఎక్కువే వదులుతుంది. పుట్టిన క్షణం నుంచీ ఆ పిల్లలకు విషం ఉంటుంది. రైతు ఏరువాక సాగేది, ఆడవాళ్లు వంగి నాట్లు వేసేది, కలుపు తీసేది సరిగ్గా ఆ నెలల్లోనే. పాముకాటు చావుల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే జరుగుతున్నాయంటే ఆశ్చర్యం లేదు.

రాయలసీమలో దీనికి తోడు కరెంటు కథ ఒకటుంది. వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు రాత్రిపూట ఇచ్చిన ఏళ్లలో, అర్ధరాత్రి మోటారు వేయడానికీ తెల్లవారుజామున మడికి నీళ్లు కట్టడానికీ చెప్పుల్లేని కాళ్లతో, టార్చి ఉంటే ఉంది లేకపోతే లేదు, గట్టువెంట నడిచినవాళ్లెందరో కాటు తిన్నారు. పగటి కరెంటు కావాలని రైతులు అడిగినప్పుడు వాళ్లు అడిగింది నిద్ర ఒక్కటే కాదు.

రక్తపింజర విషం చేసే పని విచిత్రమైనది. మన రక్తంలో గడ్డకట్టించే పదార్థాలు వరసగా ఒకదాన్నొకటి రెచ్చగొడుతూ చివరికి ఫైబ్రిన్ అనే పోగుల వల అల్లుతాయి. గాయమైనచోట మాత్రమే జరగాల్సిన పని ఇది. రక్తపింజర విషంలోని ఎంజైములు ఆ వరసలో ఐదో, పదో అంశాల్ని నేరుగా కదిలిస్తాయి. ఒళ్లంతా ఒకేసారి, ఏ గాయమూ లేకుండా, గడ్డకట్టే సరుకంతా ఖర్చయిపోతుంది. కొన్ని గంటలకు రక్తంలో గడ్డకట్టడానికి మిగిలిందేమీ ఉండదు. చిగుళ్లనుంచి రక్తం వస్తుంది, మూత్రంలో వస్తుంది, ఒక్కోసారి మెదడులో. కరిచిన కాలు ఉబ్బుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. బతికినవాళ్లలో కొందరికి డయాలసిస్, కొందరికి కాలు తీసేయడం. చావుల లెక్కలో వీళ్లెవరూ రారు.

ఈ దెబ్బను పట్టుకునే పరీక్ష ఒకటి ఏ పల్లె ఆసుపత్రిలోనైనా చేయొచ్చు. మిషన్లు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. నరంలోంచి రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచాలి. తరవాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టిందా, మంచిదే, కొంతసేపయ్యాక మళ్లీ చూస్తారు. నీళ్లలా జారిందా, పింజర జాతి విషం ఎక్కింది, విరుగుడు మందు యాంటీవెనం మొదలుపెట్టాల్సిందే. గొట్టం గాజుదే అయివుండాలి, ప్లాస్టిక్ పనికిరాదు. సబ్బుపొడితో కడిగింది అసలే పనికిరాదు, ఆ అవశేషం వల్ల మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. పాముకాటు వైద్యంలో ఇంత చవకైనదీ ఇంత నమ్మకమైనదీ ఇంకొకటి లేదు. ఏ పామో తెలియకపోయినా ఇది చెబుతుంది. అందుకే పామును చంపి సంచిలో వేసుకుని ఆసుపత్రికి తేవాల్సిన పనిలేదు. చంపబోయి రెండో కాటు తిన్నవాళ్లున్నారు. తెగిన పాము తల కూడా కొంతసేపు కరవగలదు.

కట్లపాము రాత్రి

పగటిపూట కట్లపామంత మందకొడి జీవి ఉండదు. కదిలిస్తే చుట్టచుట్టుకుని తల ఒంటికింద దాచుకుంటుంది. చీకటి పడ్డాక మాత్రం వేట. తక్కిన పాములు, బల్లులు, చుంచులు దాని తిండి, వాటికోసమే ఇళ్లలోకి వస్తుంది. మా వైపు పల్లెల్లో ఎండలకు మంచాలు వాకిట్లోకి మారతాయి. మంచం చాలనివాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు నాపరాళ్ల నేల చల్లగా ఉంటుందని కిందే చాప పరుచుకుంటారు. నిద్రలో దొర్లిన చెయ్యో కాలో పాము మీద పడితే కాటు.

ఆ కాటు చాలాసార్లు మనిషిని నిద్ర కూడా లేపదు. కోరలు చిన్నవి. నొప్పి ఉండదు, వాపు రాదు, గాటు వెతికినా దొరకకపోవచ్చు. దోమో చీమో కుట్టిందనుకుని పక్కకు తిరిగి పడుకుంటారు. తెల్లవారుజామున కడుపులో నొప్పి, వాంతి. రాత్రి తిన్నది పడలేదని ఇంట్లోవాళ్లు సోడా తాగిస్తారు. పొద్దెక్కేసరికి కనురెప్పలు బరువెక్కి వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, గుటక దిగదు. అప్పటికీ పాము అన్న ఆలోచన ఎవరికీ రాదు, ఎందుకంటే పామును చూసినవాళ్లు లేరు. నేలమీద పడుకున్న మనిషికి పొద్దున్నే కడుపునొప్పి వచ్చి రెప్పలు వాలుతుంటే, ఇంకో రుజువు దొరికేదాకా అది కట్లపామే అనుకోవడం మంచిది.

మెదడు నుంచి వచ్చిన నరం కండరాన్ని ముట్టుకోదు. మధ్యలో సన్నటి ఖాళీ ఉంటుంది. నరం చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఆ ఖాళీలోకి వదిలితే, అవతలి గట్టున కండరం దాన్ని అందుకుని కదులుతుంది. నాగుపాము విషం అవతలి గట్టున, అందుకునే చోట అడ్డంగా కూర్చుంటుంది. అలాంటప్పుడు నియోస్టిగ్మిన్ ఇంజెక్షనుతో ఎసిటైల్‌కోలిన్ ఖాళీలో ఎక్కువసేపు నిలిచేలా చేస్తే కండరాలు కొంత తేరుకుంటాయి. కట్లపాము విషం ముఖ్యంగా ఇవతలి గట్టును పట్టుకుంటుంది, రసాయనాన్ని వదిలే నరం చివరనే పాడుచేస్తుంది. యాంటీవెనం రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకోగలదు. పాడైన నరం చివరను బాగుచేయలేదు. అది తనంతట తాను తిరిగి పెరగాలి, దానికి రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు. అన్నాళ్లూ ఊపిరి మనం ఇవ్వాలి, వెంటిలేటరుతోనో, అది దొరికేదాకా చేత్తో నొక్కే సంచితోనో. అలా నడిపించగలిగితే మనిషి పూర్తిగా లేచి కూర్చుంటాడు.

ఇందులో భయపెట్టే వివరం ఒకటుంది. పూర్తిగా చచ్చుబడిన కట్లపాము రోగి రెప్ప కదపలేడు, కంటిపాప వెలుతురుకు స్పందించదు. చూసేవాళ్లకు మెదడు చనిపోయినట్టే కనిపిస్తుంది. లోపల మాత్రం స్పృహ ఉండొచ్చు, పక్కన మాట్లాడేదంతా వినబడుతుండొచ్చు. ఇలాంటి రోగి విషయంలో తొందరపడి చేతులెత్తేయొద్దని వైద్య మార్గదర్శకాలు ప్రత్యేకంగా హెచ్చరిస్తాయి. తైవాన్ కట్లపాము విషం నుంచి 1963లో చాంగ్, లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు విడదీసిన బంగారోటాక్సిన్లే తరవాత నరానికీ కండరానికీ మధ్య సంభాషణ ఎలా నడుస్తుందో వైద్యశాస్త్రానికి నేర్పాయి. మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల జబ్బు గుట్టు తెలిసింది కూడా వాటివల్లే.

కట్లపాముకు విరుగుడు మందుల షాపులో కంటే బట్టల షాపులో ముందు దొరుకుతుంది. దోమతెర. ఆగ్నేయ నేపాల్ పల్లెల్లో జరిగిన అధ్యయనం ఒకటి 2007లో అచ్చయింది. దోమతెరలో పడుకునేవాళ్లకు రాత్రి కాట్లు బాగా తక్కువని అందులో తేలింది. మలేరియా కోసం పంచిన తెరలు చేసిన రెండో మేలు ఇది.

మంత్రగాడి లెక్క

పాము మంత్రం వేసేవాళ్లు, పాము రాయి అంటించేవాళ్లు, ఆకుపసరు పోసేవాళ్లు లేని మండలం తెలుగునాట ఉండదు. వాళ్లందర్నీ మోసగాళ్లని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. చాలామంది డబ్బు ముట్టుకోరు, అర్ధరాత్రి లేపినా లేచి వస్తారు, తమ వైద్యం పనిచేస్తుందని మనస్ఫూర్తిగా నమ్ముతారు. ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో లెక్కేసి చూస్తే తెలుస్తుంది.

మన వైద్య మార్గదర్శకాల ప్రకారం పాముకాట్లలో నూటికి డెబ్బై విషం లేని పాములవి. మిగిలిన ముప్ఫైలోనూ సగం కాట్లలో పాము విషం దించదు. విషం దానికి ఎలుకను పట్టుకునే సాధనం. తినలేనంత పెద్ద జంతువు మీద ఖర్చుపెట్టడం దానికీ నష్టమే. మంత్రగాడి దగ్గరికి నూరుమంది వస్తే ఎనభై ఐదుగురు ఏమీ చేయకపోయినా ఇంటికి నడిచిపోతారు. మిగిలిన పదిహేనుగురిలోనూ అందరూ చావరు. నూటికి తొంభై మందిని బతికించానని ఆయన చెప్పుకుంటే అబద్ధం ఆడినట్టు కాదు. ఇంత మంచి ఫలితాలు చూపించే ఆసుపత్రి ఎక్కడుంది? పెద్దాసుపత్రికి వచ్చేవాళ్లలో విషమెక్కినవాళ్లు ఎక్కువ, ఆలస్యంగా వచ్చినవాళ్లు మరీ ఎక్కువ. కాబట్టి చావులూ అక్కడే కనిపిస్తాయి. ఊళ్లో పేరు ఎవరికి నిలుస్తుందో చెప్పక్కర్లేదు.

మంత్రం వల్ల విషం పెరగదు. గంటలు పోతాయి, అంతే. ఆ పదిహేనుగురికి కావాల్సినవి ఆ గంటలే.

ఒక్కోసారి ఈ మంత్రాల ధోరణి ప్రభుత్వ కార్యాలయాల దాకా పాకుతుంది. 2018 ఆగస్టులో దివిసీమలో, అవనిగడ్డ చుట్టుపక్కల, పాముకాట్లు ఒక్కసారిగా పెరిగాయి. జనం భయం తగ్గించడానికని మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి ఆలయంలో అధికారుల చొరవతోనే సర్పశాంతి హోమం జరిగింది. భయం తగ్గితే మంచిదే. గమ్ బూట్లు కూడా పంచి ఉంటే ఇంకా మంచిది.

కాటు పడ్డప్పుడు చేయాల్సింది నిజానికి తక్కువ. చెయ్యో కాలో విరిగితే ఎలా కదలకుండా ఉంచుతారో అలా ఉంచాలి, మనిషిని నడిపించకూడదు, ఉంగరాలూ గాజులూ మెట్టెలూ వాపు రాకముందే తీసేయాలి, ఆసుపత్రికి బయల్దేరాలి. తాడు బిగించి కట్టొద్దు. పింజర కాటుకు బిగించి కట్టిన కాలు కుళ్లిపోయిన సందర్భాలు ఎన్నో. బ్లేడుతో కోయొద్దు. గడ్డకట్టని రక్తం ఉన్న మనిషిని కోస్తే ఆ రక్తం ఆపడం ఎవరి తరమూ కాదు.

సీసాలో ఏముంది

యాంటీవెనం చేసే పద్ధతి 1890లలో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్బర్ట్ కాల్మెట్ చూపించిందే. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తూ పోతే దాని రక్తంలో విషాన్ని పట్టుకునే ప్రతిరక్షకాలు తయారవుతాయి. వాటిని వేరుచేసి, శుద్ధి చేసి, పొడిగా ఎండబెట్టి సీసాలో పెడతారు. మన దగ్గర ఒకే సీసా పైన చెప్పిన నాలుగు పాములకూ పనిచేస్తుంది. హైదరాబాదు కంపెనీలు విన్స్ బయోప్రొడక్ట్స్, బయలాజికల్ ఇ ఈ మందు తయారుచేశాయి. ముడి విషంలో అధికభాగం వచ్చేది మాత్రం ఒకే చోటునుంచి. చెన్నై దగ్గర మహాబలిపురం దారిలో వడనెమ్మేలి అనే ఊళ్లో, రోములస్ విటేకర్ చొరవతో 1978లో మొదలైన ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం. పట్టిన పామును కొన్ని వారాలు కుండలో ఉంచి, నాలుగుసార్లు విషం తీసి, పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి మళ్లీ వదిలేస్తారు. ఆ ఇరుళల్లో వడివేల్ గోపాల్, మాసి సదైయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. తెలుగునాట ఈ మందుతో బతికిన చాలామంది ఒంట్లో వాళ్ల చేతిపని కొంత ఉంది.

సీసా మీద చిన్న అక్షరాల్లో ఉండే అంకెను ఎవరూ చదవరు. ఒక్కో మిల్లీలీటరు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని విరుస్తుంది. పది మిల్లీలీటర్ల సీసా ఆరు మిల్లీగ్రాములు. రక్తపింజర ఒక్క కాటులో దించే విషం సగటున 63 మిల్లీగ్రాములు, ఒక్కోసారి అయిదే, ఒక్కోసారి 147 దాకా. మొదటి డోసుగానే ఎనిమిది నుంచి పది సీసాలు ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది కదా. పిల్లలకూ అంతే డోసు, ఎందుకంటే పాము వయసు చూసి విషం తగ్గించదు. మందు పడ్డాక కూడా రక్తం వెంటనే గడ్డకట్టదు, కాలేయం ఆ సరుకు మళ్లీ తయారుచేయడానికి ఆరు గంటలన్నా కావాలి. అందుకే గాజుగొట్టం పరీక్ష ఆరు గంటల తరవాత మళ్లీ చేస్తారు.

ఈ మందుకు లోపాలున్నాయి. కొన్ని తమిళ జిల్లాల పాముల విషంతో చేసినది దేశమంతటా ఒకేలా పనిచేయదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో కార్తీక్ సునగర్ ప్రయోగశాల కొన్నేళ్లుగా ఇదే చూపిస్తోంది. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్నిబట్టి మారుతుంది, కొన్నిచోట్ల మందు బలహీనపడుతుంది. రెండో లోపం గుర్రపు ప్రొటీను. కొందరికి ఎక్కించిన కొద్ది నిమిషాల్లో దద్దుర్లు, ఉబ్బసం, రక్తపోటు పడిపోవడం. అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా పెట్టుకుంటే చాలావరకు అదుపు చేయొచ్చు. ఈ భయంతోనే పల్లె ఆసుపత్రుల్లో చాలామంది డాక్టర్లు మొదటి డోసు వేయకుండా పెద్దాసుపత్రికి రాసిస్తారు. ఒంటరిగా డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు భయం నాకు అర్థమవుతుంది. ఐసీయూ లేదు, పక్కన సీనియర్ లేడు, రోగికి ఏమన్నా అయితే బంధువులు ఊరుకోరు. అయినా పాములపాడు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి గంటకు పైగా ప్రయాణం. మొదటి పది సీసాలు పడ్డాక చేసే ఆ ప్రయాణం వేరు, ఏమీ పడకుండా చేసేది వేరు. మందు పొడి రూపంలో ఉంటుంది కాబట్టి ఫ్రిజ్ లేదనే సాకు కూడా పనికిరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును 2017లో నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో పైస్థాయికి చేర్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది, 2030 కల్లా చావులు సగానికి తగ్గించాలన్నది లక్ష్యం. అదే ఏడాది నవంబరులో, పాముకాటు కేసుల్ని తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుల్లో చేర్చమని రాష్ట్రాలకు రాసింది. ఇళ్లకు వెళ్లి అడిగితే తప్ప బయటపడని చావులు ఇకనైనా రిజిస్టర్లలోకి వస్తే, ఏ మండలానికి ఎన్ని సీసాలు కావాలో ముందే తెలుస్తుంది.

గంటలు తగ్గించడం ఎంత తేలికో నేపాల్‌లోని దమక్ చూపించింది. అక్కడ పాముకాటు వైద్యకేంద్రం చుట్టూ ఊళ్లలో మోటారుసైకిలు ఉన్న కుర్రాళ్లను కూడగట్టారు. కబురు రాగానే రోగిని మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక ఒకడు పట్టుకుని, రాత్రయినా పగలయినా నేరుగా ఆ కేంద్రానికే తెచ్చేవాళ్లు. దాంతోపాటు ఊరూరా ప్రచారం చేశారు. కొత్త మందేదీ రాలేదు. 2013లో అచ్చయిన ఫలితాల ప్రకారం, కాటు తిన్నవాళ్లలో చనిపోయేవాళ్లు నూటికి 10.5 నుంచి 0.5కు పడిపోయారు. మనకు 2005లో హైదరాబాదులో మొదలైన 108 ఉంది, అది రావడం ఆలస్యమైతే వీధివీధికీ బైకులున్నాయి. తెలియాల్సింది ఒక్కటే, ఈ రాత్రి డాక్టరూ సీసాలూ రెండూ ఉన్న ఆసుపత్రి పాములపాడా, ఆత్మకూరా, నంద్యాలా, కర్నూలా? అది కాటు పడ్డాక కనుక్కునే సంగతి కాదు. పంచాయతీ ఆఫీసు గోడమీద, తొలకరికి ముందే, ఫోను నంబరుతో సహా రాసి ఉండాల్సిన సంగతి.